చెప్పండి చూద్దాం

"సాయంత్రానికల్లా పేర్లు కావాలి బాబాయిగారూ. పేరు లేని ఫొటోని గోడకెక్కించరట" అంది స్టూడియో అమ్మాయి.

రేపు గ్రంథాలయం హాల్లో పెద్దాయన భార్య తీసిన ఫొటోల ప్రదర్శన. ఆవిడ పోయి ఏడాదయింది. ఏ ఫొటో దేనిదో ఎక్కడా రాసిపెట్టలేదు. చెప్పగలిగిన మనిషి భర్త ఒక్కడే. భోజనాల బల్ల నిండా ఫొటోలు పరుచుకుని పెద్దాయన హుషారుగా కూర్చున్నాడు.

ప్రపంచంలో పెద్ద వస్తువులన్నిటినీ ఇప్పటికే ఎవరో ఒకరు చూసేశారన్నది ఆవిడ వాదన. కొండ చూపిద్దామని తీసుకెళితే కొండ మీద రాయి, రాయి మీద నాచు, నాచు మీద చీమ దగ్గర ఆగిపోయేది. వంటగదిలో బోర్లా పడుకుని కెమెరా పట్టిందంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టాల్సిందే. ఎంత ఉక్కపోతయినా ఫ్యాను బంద్. చల్లబడితే పురుగు కదలదని ఒకసారి మిడతను డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచింది. వెన్న అనుకుని మూత తీసింది పెద్దాయనే.

ఫొటో అచ్చయి వచ్చిన రోజు అసలు వేడుక. దాన్ని ఆయన ముందు పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని, "చెప్పండి చూద్దాం" అనేది. ఆయన ఒక్కసారీ సరిగ్గా చెప్పలేదు. ఇక అరగంట సేపు వెలుతురు ఎటు నుంచి పడిందీ, ఎన్నిసార్లు గురి తప్పిందీ ఆవిడ వివరిస్తుంటే నోరు తెరుచుకుని వినేవాడు.

"ఇదేంటి?" అమ్మాయి ఒకటి ఎత్తి చూపింది.

"మంచుకొండ అన్నాను. పంచదార పలుకట."

"ఇది?"

"కోత కోసిన చేను అన్నాను. 'మీ పళ్ళ బ్రష్షండీ! ఇకనైనా మార్చండి' అంది."

"మరి ఈ అగ్నిపర్వతం?"

"నేనూ అదే అన్నాను. కాలిపోయిన అగ్గిపుల్ల తల! 'ఈ కళ్ళకి ఇన్నేళ్ళు జీతమెవరిచ్చారండీ మహానుభావా' అని కుర్చీలో కూలబడి మరీ నవ్వింది. నవ్వితే ఆవిడకి ఎక్కిళ్ళొచ్చేవి. మంచినీళ్ళు అందించడం నా వంతు."

అమ్మాయి కూడా నవ్వుకుంటూ రాసుకుంది. చివరికి ఒక్కటి మిగిలింది. ఆస్పత్రికి వెళ్ళే ముందు ఆవిడ తీసినది. తెల్లటి గట్లూ చాళ్ళూ ఉన్న నేల మీద రెండు తీగలు పెనవేసుకున్నాయి. అది అచ్చయి వచ్చేసరికి అడిగే మనిషి లేదు.

"ఎడారిలో రెండు బాటలు" అన్నాడు పెద్దాయన.

అని, ఆగాడు. ఎవరూ నవ్వలేదు.

"అంటే ఏంటో తెలీదన్నమాట" అంది అమ్మాయి జాలిగా. "పోనీ, దీన్ని పక్కన పెట్టేద్దాం బాబాయిగారూ."

"ఆవిడ తీసిన ఆఖరిదమ్మా అది. ఉండు."

కళ్ళజోడు తుడిచి పెట్టుకుని ఒక్క క్షణం చూశాడు.

"నూలు దిండు గలీబు. దాని మీద రెండు వెంట్రుకలు. పొట్టిదాని కొస చదునుగా ఉంది, కత్తెర పడి ఎంతో కాలం కాలేదు. అది నాది. పొడుగుది రంగు వేసినది, కుదురు దగ్గర మళ్ళీ తెలుపు. అది మీ పిన్నిది. రాసుకో."

అమ్మాయి చేతిలో కలం ఆగిపోయింది.

"అంత కచ్చితంగా ఎలా చెప్పారు? ఇంతకీ మీరేం ఉద్యోగం చేసేవారు బాబాయిగారూ?"

"పోలీసు ప్రయోగశాలలో, మైక్రోస్కోపు కింద పెట్టిన వెంట్రుకనో నూలుపోగునో ఇసుక రేణువునో చూసి, అదేమిటో చెప్పడమేనమ్మా నా పని."