పట్నం వాడేసిన రైలు

సొరంగం ముందు రైలు మళ్ళీ ఆగింది.

నర్సమ్మ కిటికీలోంచి తొంగి చూసింది. పట్టాల పక్కన ఎవరో బట్టతలాయన టేపు పట్టుకుని సొరంగం గోడ కొలుస్తున్నాడు.

ఆవిడకు ఒళ్ళు మండింది. తను వెళ్తేగాని ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ మనిషి ఇంటికి పోలేదు. కొండకూ సముద్రానికీ మధ్య ఇరుకున పోయే ఈ బుల్లి లైనే ఊరికి దిక్కు. అది ఇంకే లైనుతోనూ కలవదు. పెట్టెలు చూస్తే వానకు కారుతున్నాయి, తలుపులు తాళ్ళతో కట్టి ఉన్నాయి.

దిగి విసవిసా వెళ్ళింది.

“ఏమయ్యా, నీ కొలతలకి మా రైలే దొరికిందా?”

“అయిపోయిందమ్మా. ఈ పెట్టెలు తీసేసి వేరేవి తెస్తున్నాం. సొరంగంలో పడతాయో లేదో చూస్తున్నా.”

“కొత్తవేనా?”

ఆయన నసిగాడు. “పట్నంలో నడిచినవే. బాగు చేయించాను. ఈ సొరంగంలో పట్టేంత చిన్నవి ఇప్పుడెవరూ తయారు చెయ్యట్లేదు.”

“అంటే, వాళ్ళు విడిచేసిన చెప్పులు మేం తొడుక్కోవాలా?”

వెనకే దిగిన దర్జీ అందుకున్నాడు. “మేం మనుషుల్లా కనబడట్లేదా నీకు?”

సాయంత్రానికల్లా ఆ మాట ఊరంతా పాకింది.

పట్నం పెట్టెలు లారీల మీద వచ్చిన రోజున ఊరు ఊరంతా పట్టాల మీద బైఠాయించింది. ముందు వరసలో నర్సమ్మ.

బట్టతలాయన చేతులు జోడించాడు. “ఒక్కసారి ఎక్కి చూడండి. సీట్లు నేనే దగ్గరుండి వేయించాను.”

“అయితే నువ్వే కూర్చో!”

“అమ్మా, ఇవి వెనక్కి పోతే ఇంక ఏవీ రావు.”

“బెదిరిస్తున్నావా?” నర్సమ్మ దిగ్గున లేచింది. “మా సొమ్ము తిని మమ్మల్నే బెదిరిస్తావా? నడువ్ ఇక్కణ్ణుంచి!”

ఎవరో మట్టి విసిరారు. ఆయన చొక్కా మీద పడింది. దులుపుకోలేదు. లారీ ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

లారీలు వెనక్కి తిరిగాయి. జనం ఈలలు వేశారు.

వానలు మొదలయ్యేసరికి స్టేషను గేటుకు తాళం పడింది. గేటు దగ్గర ఎవరో వేరే ఆఫీసరు.

“లైను మూసేశాం. బస్సు వేస్తారు.”

“కొండ చుట్టూ తిరిగొచ్చే బస్సా? నేను ఆస్పత్రికి చేరేదెప్పుడు?” నర్సమ్మ గేటు పట్టుకుని ఊపేసింది. “ఇదంతా ఆ బట్టతలాయన చేసిందే. మట్టి కొట్టామని కక్ష తీర్చుకున్నాడు. పిలవండి ఆ పెద్దమనిషిని!”

“ఆయన లేరు. లారీలు తిరిగొచ్చిన మర్నాడే ఉద్యోగం వదిలేశారు.”

“పీడా విరగడైంది!”

ఆఫీసరు ఆవిడ వంక వింతగా చూశాడు.

“ఈ లైను మూసెయ్యాలని ఆఫీసులో అందరం ఎప్పుడో తేల్చేశామమ్మా,” అన్నాడు. “కూడదని ఇన్నేళ్ళూ మాతో పోట్లాడింది ఆయనొక్కరే.”