మధ్య గిన్నె అడుగున

నాలుగు స్టిక్కర్లలో మూడు ఊడాయి. నాలుగోది ఊడనంది.

బడులు తెరిచే వారం. చిత్తూరు బజారువీధిలో ధర్మేంద్ర స్టీలు సామాన్ల అంగడి కిటకిటలాడుతోంది.

బంగారుపాళ్యం నుంచి వచ్చిన పెద్దాయన మూడు గిన్నెల క్యారియరు కొన్నాడు, డబ్బు కట్టాడు, కౌంటరు ముందు నుంచి మాత్రం కదల్లేదు.

స్టిక్కర్లన్నీ తీసి ఇచ్చేదాకా వెళ్ళడట.

ఇంట్లో నీళ్ళలో నానబెట్టుకోమని ధర్మేంద్ర చెప్పి చూశాడు. తనకు చూపు ఆనదని, తునక మిగిలినా కనబడదని ఆయన అన్నాడు.

ఏటా ఈయనతో ఇదే గోల. పోయిన జూన్‌లో నీళ్ళ సీసా, అంతకుముందు ఏడాది అన్నం డబ్బా. కొనేది ఒక్కటి, తినేది అరగంట.

ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు. పింఛను తినే మనిషి, పొద్దు పోక వస్తాడని ధర్మేంద్ర ఏనాడో లెక్క కట్టాడు.

క్యారియరు మీద మిగిలేది అరవై రూపాయలు. ఈ గీకుడుకు నాలుగు బేరాలు తప్పితే ఆ అరవై ఏ మూలకు?

గోటితో గీకాడు. కాగితం అంచు లేచింది, మిగతాది అలాగే అతుక్కుని ఉండిపోయింది.

కిరసనాయిలు గుడ్డ తీశాడు. అన్నం పెట్టుకునేది, వాసన పడుతుందని పెద్దాయన అడ్డం పడ్డాడు.

చివరికి బ్లేడు పట్టాడు. నున్నటి స్టీలు మీద గీతలు పడ్డాయి. గీత చూస్తే సామాను మొహాన కొట్టే వాళ్ళనే ధర్మేంద్ర ఇరవై ఏళ్ళుగా చూశాడు.

"గీతలు పడనీ అబ్బా, మంచిదే. కాగితం మాత్రం ఉండకూడదు."

ధర్మేంద్రకు ఒళ్ళు మండింది. పాతదానికి మెరుగు పెట్టి కొత్తదని అమ్మేవాళ్ళున్నారు. కొత్తదాన్ని పాతది చేసుకుంటే ఏ వ్యాపారంలో గిట్టుతుంది?

పైగా అట్టపెట్టె వద్దన్నాడు, బిల్లు వద్దన్నాడు. ఎవరికని అడిగితే, బడికి పోయే పాపకని మాత్రం చెప్పాడు.

నాలుగో స్టిక్కరు మధ్య గిన్నె అడుగున ఉంది. అంగడి పేరూ ధరా అచ్చేసింది దాని మీదే.

అంతలో ఇద్దరు ఆడవాళ్ళు విసుక్కుని పక్క అంగడికి నడిచారు. ధర్మేంద్ర ఇక గీకలేదు. గిన్నెల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, పట్టీ బిగించి ఆయన చేతిలో పెట్టాడు.

"అంతా పోయిందా అప్పా? ఒక్కటి మిగిలినా నా పని చెడతాది."

"అంతా పోయింది పెద్దాయనా. నువ్వు గూడా పోతే నా అంగడి జరుగుతాది."

ఆయన నవ్వి, క్యారియరు రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగాడు.

పదిహేను రోజులకు అదే క్యారియరు మళ్ళీ కౌంటరు మీదికి వచ్చింది. తెచ్చినామె పేరు కోమలి, బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలి. మధ్య గిన్నె బోర్లించి స్టిక్కరు చూపించింది.

వాడిన సరుకు వెనక్కి తీసుకోనని ధర్మేంద్ర ముందే చెప్పేశాడు.

తనకు డబ్బు అక్కర్లేదంది. ఇది కొన్న పెద్దాయన మళ్ళీ వస్తే ఆయనకే ఇచ్చేయమంది.

ఆమె కూతురు ప్లాస్టిక్ కవరులో అన్నం కట్టుకుని బడికి పోయేదట. పెద్దాయన తన మనవరాలు వాడి వదిలేసిందని, ఇంట్లో ఊరికే పడి ఉందని చెప్పి ఈ క్యారియరు ఇచ్చాడట. వారం రోజులు తోమాక ధర కంటబడింది.

"పాతదైతే ఎవురిచ్చినా తీసుకుంటామన్నా. నా బిడ్డ గౌను పాతదే, పుస్తకాలూ పాతవే. కొత్తది కొనిస్తే అది దానం గదా. మొగుడు పోయినాక గూడా నేను ఎవురి కాడా సెయ్యి సాపలేదు."

ఆయనకే తిరిగి ఇవ్వబోయిందట. పట్టుబడినవాడిలా తల వంచుకుని వెళ్ళిపోయాడట. మర్నాటి నుంచి ఊళ్ళో లేడు. పలమనేరు బస్సెక్కాడని ఎవరో చెప్పారట.

ధర్మేంద్ర స్టిక్కరు మీద కొబ్బరినూనె రాశాడు. కాసేపు ఆగి గుడ్డతో తుడిచాడు. జిగురుతో సహా వచ్చేసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

గిన్నెలు పేర్చి ఆమె వైపు జరిపాడు.

"ఇప్పుడేమీ లేదు సూడమ్మా. పాతదే అనుకో."

"తెలిసిపోయినాక యాడ పాతదవుతాదన్నా?"

ఆమె క్యారియరు అక్కడే వదిలి మెట్లు దిగింది. ధర్మేంద్ర వెనకాలే గడప దాకా వచ్చాడు. ఆ మనవరాలి ఇల్లెక్కడో చెబితే తానే పంపిస్తానన్నాడు.

"మనవరాలు యాడుండాదన్నా, ఆయప్పకు పెండ్లే కాలేదంట; మా బిడ్డ బడి గేటు కాడ గంపలో జామకాయలు పెట్టుకుని అమ్ముకునే గురప్ప ఆయన."