రవిక తొడిగిన బొమ్మ

“ముందు దానికి రవిక తొడుగు. పాఠాలు తర్వాత చెబుదువుగాని,” అంది అత్తగారు, బొమ్మ వైపు చూడకుండానే.

కోడలు నవ్వింది. అది మూరెడు పొడుగున్న గుడ్డబొమ్మ. ఊరుగాని ఊరొచ్చి చేపల షెడ్డులో పనిచేస్తున్న తమవాళ్ళలో ఆడవాళ్ళకు ఒంటి సంగతులు చెప్పడానికని ఆసుపత్రి నర్సు ఇచ్చింది. కోడలూ ఆ షెడ్డులోనే చేపలు కోస్తుంది. ఇక్కడి భాష పట్టుబడింది కనుక నర్సు మాటలు తమ భాషలో చెప్పే పని ఆమె మీద పడింది. మొదటిసారి నర్సు గోడకి రంగుల పటాలు తగిలించి మాట్లాడితే, వరుస గదుల ఆడవాళ్ళంతా తలలు దించుకుని గోళ్ళు చూసుకున్నారు. రెండోసారి ఒక్కరూ రాలేదు.

“నోరు విప్పి చెప్పమంటే ఎవరు చెప్తారే? చావనైనా చస్తారు గాని చెప్పరు.” అత్తగారు కొడుకు చొక్కాకి గుండీ కుడుతోంది. “ఏమీ అడక్కు. బొమ్మని రోజుకో గదికి పంపు. బాధ ఉన్నచోట దారంతో ఓ కుట్టు వెయ్యమను. ఎవరు వేశారో ఎవరికీ తెలియక్కర్లేదు.”

“మీరూ రండి అత్తయ్యా, నలుగురిలో కూర్చుందురు.”

“ఆ సిగ్గుమాలిన బొమ్మని నేను ముట్టుకోను. ఈ వయసులో నాకెందుకు?”

కొడుకు చొక్కా తొడుక్కుంటూ, అమ్మ కుట్టిన గుండీలకి కుందేలు చెవులుంటాయని ఎప్పటిలా ఎగతాళి చేశాడు. ముడి దగ్గర దారం కొసలు రెండూ నిక్కబొడుచుకుని ఉన్నాయి. చెవులు కోసేస్తే ముడి నిలవదని ఆమె ఎప్పటిలా కసిరింది.

కోడలు బొమ్మకి రవిక కుట్టి, లంగా కట్టి గదులకు పంపింది. రాత్రికో గదిలో ఉండేది. పగలు అందరూ షెడ్డుకి పోతే వీళ్ళింట్లో తలుపు వెనక మేకుకి వేలాడేది. నెల తిరిగేసరికి నడుము మీద నల్లదారం, మోకాళ్ళకి పచ్చదారం, పొత్తికడుపు మీద చిక్కుపడ్డ నీలిదారాలు. నర్సు వచ్చి, ఎవరివని అడక్కుండా, ఒక్కో కుట్టు మీద వేలుపెట్టి ఏం చెయ్యాలో చెప్పింది. ఈసారి ఆడవాళ్ళు తలలెత్తి విన్నారు. తన మొగుడికీ ఓ బొమ్మ ఇప్పించమని, నోటికి కుట్టేస్తానని ఒకావిడ అంటే అందరూ పడిపడి నవ్వారు.

చివర్లో నర్సు రవిక ముందు గుండీలు విప్పింది. ఎడమ రొమ్ము మీద పెసరగింజంత ఎర్ర కుట్టు.

నవ్వులు ఆగిపోయాయి. ఇది ఎవరిదైనా సరే వెంటనే రావాలని, ఆలస్యమైతే తన చేతుల్లో ఏమీ ఉండదని నర్సు చెప్పింది. ఆ మాట కోడలు తమ భాషలో రెండుసార్లు చెప్పింది.

ఎవరూ రాలేదు.

అత్తగారు మాత్రం రోజూ కూపీ లాగేది. ఓ సాయంత్రం దండెం మీది బట్టలు అందివ్వమని, కింద కూర్చుని మడతపెడుతూ మళ్ళీ మొదలుపెట్టింది.

“తెలిసిందా ఆవిడెవరో?”

“లేదత్తయ్యా.”

“వెళ్తే ఏం చేస్తారంట?”

“ముందుగా వస్తే నయం చెయ్యొచ్చంట.”

“ముందుగా అంటే?”

“నాకేం తెలుసు? అయినా పరాయివాళ్ళ సంగతి మీకెందుకు?”

అత్తగారు మడతపెట్టిన చీరనే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

షెడ్డులో కోడలు కత్తి ఆపి మరీ ఆడవాళ్ళ చేతులు చూసేది, ఎవరి ఎడమచెయ్యి బరువుగా కదులుతోందోనని. అందరి చేతులూ బరువుగానే కదిలేవి. చివరి గది పసిపిల్ల తల్లి మాటిమాటికీ రవిక సర్దుకోవడం కంటపడింది. ఇక ఉండబట్టలేక, ఆమెను కుళాయి దగ్గర పక్కకి పిలిచి అడిగేసింది.

“పాలు గడ్డకట్టాయక్కా, అంతే,” అంది ఆ తల్లి, ముఖం ఎర్రబడి. “ఎవర్నీ అడగనన్నావుగా? ఇందుకేనా మా గదులకి బొమ్మని పంపింది?”

మర్నాటినుంచి ఏ గదీ బొమ్మను తీసుకోలేదు.

“నీ నోరే కొంప ముంచింది,” అంది అత్తగారు. ఆ గొంతులో కోపం లేదు.

వారాలు గడిచాయి. బొమ్మ మేకుకే ఉండిపోయింది. పాత కుట్లు తీసేసి దాన్ని వేరే వీధివాళ్ళకు ఇవ్వమని నర్సు కబురుపెట్టింది. ఆదివారం కోడలు కత్తెర పట్టుకుని కూర్చుంది. నల్లదారం తెంపింది, పచ్చదారం తెంపింది, నీలిదారాల చిక్కు తీసింది. ఎర్ర కుట్టు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎక్కడో ఓ ఆడమనిషి ఉంది. ఎవరని పిలవాలో తనకు తెలియదు, ఆమె తనంతట రాదు.

“అదీ తీసెయ్యవే,” అంది అత్తగారు, మంచం మీంచి. “ఇంకెందుకు.”

కోడలు మొదటిసారి రవిక పూర్తిగా విప్పి, ముడి కోసం బొమ్మను బోర్లా తిప్పింది.

ఎర్ర దారానికి కుందేలు చెవులున్నాయి.