కప్పలు ఆగిన చోటు

మద్దిలపాలెం నుంచి వచ్చిన ఆఖరి బస్సు దిగిన అప్పలసూరి ఇంటికి పోబుద్ధి కాక, ఊరి చెరువులో బట్టలుతికే బండ మీద కూలబడ్డాడు. పోయిన వానాకాలం అతని భార్య గౌరీశ్వరి పాచి మీద కాలు జారి మునిగిపోయింది ఇక్కడే. దూరాన ఉక్కు ఫ్యాక్టరీ వెలుగుకి ఆకాశం ఎర్రబడి ఉంది. చెరువు చుట్టూ కప్పల గోల.

మనిషి అడుగు పడితే ఆ పక్క కప్పలు నోరు మూస్తాయి. అవతలి గట్టున, తుంగ దగ్గర, గోల ఆగింది. టార్చి వేశాడు. ఎవరూ లేరు.

ఆ నిశ్శబ్దం గట్టు వెంట నడిచి వస్తోంది. అది దాటిన చోట కప్పలు మళ్లీ అందుకుంటున్నాయి.

బండ దాకా వచ్చి నిలబడింది.

అప్పలసూరి కాస్త జరిగి చోటిచ్చాడు.

"సూసి అడుగెయ్యే గౌరీ," అన్నాడు. "ఈ పక్క పాసి పట్టేసున్నాది."