బిగించిన చెయ్యి

ఆ కార్బురేటర్ కొలిమి దగ్గర పట్టుబడింది.

తెచ్చినవాడు కొత్త మనిషి. ఎముకల గూడులా ఉన్నాడు. మట్టి పట్టిన నూనె గుడ్డలో చుట్టి తెచ్చి, తన కళ్ళముందే కరిగించమన్నాడు. నీరయ్యేదాకా కదలనని భీష్మించుకు కూర్చున్నాడు.

కొలిమివాడికి అనుమానం తగిలింది. మసి తుడిచి చూశాడు. పెట్రోలు గిన్నె అడుగున చిన్న ఉలి గాటు. ఆ గాటు తన బావ, మెకానిక్ మేస్త్రిది. బాగుచేసిన ప్రతి కార్బురేటర్ మీదా అతను కొట్టే గుర్తు.

కబురందగానే మేస్త్రి పెద్ద పానా పుచ్చుకుని వచ్చాడు.

రెండేళ్ళుగా అతను ఇద్దరి మీద పళ్ళు నూరుతున్నాడు. ఒకడు తన కొడుకును పొట్టన పెట్టుకున్న లారీ డ్రైవరు. వాడు తప్పు ఒప్పుకుని జైల్లో పడ్డాడు. మొహం చూస్తే అక్కడే చంపేస్తానని భయపడి, మేస్త్రి కోర్టు గడపే తొక్కలేదు.

రెండోవాడు దొంగ. కొడుకు రోడ్డు మీద నెత్తురు కక్కుకుంటుంటే, నుజ్జయిన పాత బండిలోంచి కార్బురేటర్ విప్పుకుపోయినవాడు.

దొరికితే వాడి చేతులు విరిచేస్తానని శవం మీద ఒట్టుపెట్టాడు.

"ఇది నీకెక్కడిదిరా?"

కొత్త మనిషి గాటు వంకా, మేస్త్రి వంకా చూశాడు. మొహం పాలిపోయింది.

"ఆ అబ్బాయి నాన్నా మీరు?"

పానా అతని మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు కొలిమి హోరులోనూ వినిపించింది.

అతను తిరగబడలేదు. పారిపోనూలేదు. పక్కనున్న కార్బురేటర్ని అందుకుని పొట్టలోకి పొదువుకుని ముడుచుకుపోయాడు. మేస్త్రి వీపు మీద కొట్టాడు, డొక్కలో తన్నాడు, జుట్టు పట్టి ఈడ్చాడు.

ఇక చాలు, మనిషి పోయేలా ఉన్నాడని బావమరిది అడ్డం పడబోయాడు. పోతే పోనీ అన్నాడు మేస్త్రి.

మేస్త్రిది ఉడుంపట్టని వీధంతా చెప్పుకునేవారు. అతను బిగించిన నట్టు ఇంకొకడి చేతికి ఊడేది కాదు. కొడుకు పక్కన నిలబడి నవ్వేవాడు. "అది నట్టు నాన్నా, పీక కాదు."

ఇప్పుడు పీకే దొరికింది.

"వదలరా చెయ్యి."

"విప్పకండి మేస్త్రీ. నిప్పుల్లో పడెయ్యండి. మాటిచ్చాను."

"ఎవడికి?"

అతను దాన్ని ఇంకా గట్టిగా పొదువుకున్నాడు. మేస్త్రి అతని వేళ్ళు ఒక్కొక్కటే విరిచి కార్బురేటర్ లాక్కున్నాడు. లాక్కున్న ఊపులో తల మీద పానా దించాడు.

ఆ మనిషి మళ్ళీ కదల్లేదు.

మేస్త్రి నెత్తుటి చేతుల్తోనే మూత విప్పాడు. కొడుకు చివరి పరుగు దాంట్లోనే ఉంది మరి.

ఆక్సిలరేటర్ తిప్పితే లోపల తలుపులా ఒక ముక్క పైకి లేస్తుంది. వదిలితే స్ప్రింగు నెట్టి కిందికి దించాలి.

అది పైకంటా లేచి, అక్కడే బిగుసుకుని ఉంది. వేలితో నొక్కాడు. దిగలేదు.

ఇంజనుకు అతుక్కునే అంచును ఇనుప పలక మీద ఆనించాడు. కోళ్ళు సమంగా లేని పీటలా ఊగింది. నట్లు పట్టే రెండు చెవులూ విల్లులా వంగి ఉన్నాయి.

గుద్దుకుంటే పగులుతుంది గానీ అలా వంగదు. మితిమీరి బిగిస్తేనే వంగుతుంది. అంచు వంగితే గొట్టం నలుగుతుంది. వేడెక్కాక లోపలి ముక్కను పట్టేస్తుంది. ఇక ఆక్సిలరేటర్ వదిలినా బండి వేగం తగ్గదు.

కొడుకు పోయిన రోజు పొద్దున ఆ నట్లు బిగించిన చెయ్యి తనదే.

ఎవరు చెప్పారో, పోలీసు జీపు వచ్చి ఆగింది. హెడ్డు కానిస్టేబులు వంగి, పడి ఉన్నవాడి మొహం మీది నెత్తురు తుడిచాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. మెల్లగా టోపీ తీశాడు.

"ఎంత పని చేశావు మేస్త్రీ. మీ వాడు ఈయన ఒళ్ళోనే పోయాడు. పోతూ పోతూ ఈయన చెవిలో ఏదో చెప్పాడు, అదేమిటో మాకు చెప్పలేదు. మీ వాడి బండిలో లోపమేమైనా ఉందా అని నేనే పదే పదే అడిగాను. లేదయ్యా, తప్పంతా నా లారీదేనని జైలుకెళ్ళి, నిన్ననే బయటికొచ్చిన డ్రైవరు ఈయనే."