ఇసుక గుంట

అఖిల పరుగెత్తుకొచ్చి దూకింది. పడిన చోటునుంచి లేవలేదు.

పచ్చిమట్ట విరిచినట్టు టప్పుమన్న చప్పుడు గట్టు మీదున్న పద్మప్రియకు కూడా వినిపించింది. వెళ్లేసరికి అఖిల కుడి మోకాలు రెండు చేతులా పట్టుకుని పక్కకు ఒరిగి ఉంది. ఏడవడం లేదు. పెదవి కొరుక్కుంటోంది. పద్మప్రియ ఆమె పాదానికి అంటిన ఇసుక దులిపింది. అరచెయ్యి ఒకసారి చూసుకుని ప్యాంటుకు తుడిచేసుకుంది.

ఉంగుటూరు దాటాక కాలవగట్టు పక్కన ఉంది ఆ గుంట. అఖిల తండ్రి తాతాజీ ట్రాక్టరుతో ఇసుక తోలించాడు. స్నేహితురాళ్లిద్దరూ కానిస్టేబుల్ మొదటి రాతపరీక్ష దాటారు. వచ్చే వారం ఏలూరులో ఈవెంట్సు, పరుగూ దూకుడూ పరీక్షలు. లాంగ్‌జంప్ గట్టెక్కితే సగం ఉద్యోగం వచ్చినట్టే.

"ఉద్యోగం నాకు ముందొస్తే నా లాఠీ మొదటి దెబ్బ నీకేనే" అని అఖిల రోజూ ఉడికించేది.

రోజూ ముందు దూకేది పద్మప్రియ. రాత్రి తల్లి నూనె రాసినా మోకాళ్ల నొప్పి తగ్గలేదని, ఆ రోజు మాత్రం అఖిలను ముందు దూకమంది.

తాతాజీ ఆటో మాట్లాడి ఏలూరు తీసుకెళ్లాడు. దారంతా అఖిల కాలు పద్మప్రియ ఒళ్లోనే ఉంది. డాక్టరు స్కానింగు చూశాడు. లిగమెంటు తెగింది, గుజ్జు కూడా చిట్లింది, ఆపరేషను తప్పదు, ఈ ఏడాదికి పరుగు మాట మర్చిపోవాలి అన్నాడు. దూకి దిగేటప్పుడు ఒంటి బరువుకు కొన్ని రెట్లు మోకాళ్ల మీద పడుతుందట. మోకాళ్లు వంచి, రెండు కాళ్ల మీదా సమంగా దిగితే తొడలు కాచుకుంటాయట.

"ఎక్కడ దూకిందండీ?"

"ఇసుకలోనేనండి" అన్నాడు తాతాజీ.

"ఒట్టి ఇసుకైతే పాదాన్ని నిలబెడుతుంది. అడుగున ఎక్కడో డొల్లగా ఉండుంటుంది. ఒక కాలు దిగబడి ఇరుక్కుంది, ఒళ్లేమో తిరిగింది."

పద్మప్రియ పనుందని చెప్పి ముందు బస్సుకు వచ్చేసింది.

సాయంత్రం తాతాజీ గుంట చూశాడు. నడిమధ్య తవ్వి, మళ్లీ ఇసుకతో కప్పిన ఆనవాలు కనిపించింది. మధ్యాహ్నం పద్మప్రియే ఇక్కడ పార పట్టుకుని ఉందని, కాలవ అవతల బాతులు మేపే పాపమ్మ చెప్పింది. ముందే గొయ్యి తీసిందని, ఇప్పుడు దాన్ని మాపడానికి వచ్చిందని ఊరు తేల్చేసింది. కాలవ నీళ్ల మీద లేత పసుపు తెట్టు ఒకటి దిగువకు పోతోంది. దానివంక ఎవరూ చూడలేదు.

"పోటీ కాళ్లతో పడాలి గానీ పారతోనా" అంది పాపమ్మ.

తాతాజీ పద్మప్రియ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తవ్వింది నువ్వేనా అమ్మా?"

"నేనే బాబాయ్."

"ఎందుకు?"

ఆమె తల దించుకుంది. ఆయన తిట్టలేదు. పొద్దున దాని కాలు ఒళ్లో పెట్టుకున్నది ఈ చేతులతోనే కదా అని మాత్రం అడిగాడు. తెల్లారగానే స్టేషనుకు వెళ్తానన్నాడు. కేసున్న పిల్లకు పోలీసు ఉద్యోగం ఎలా ఇస్తారో చూస్తానన్నాడు. అప్పటికీ ఆమె తల ఎత్తలేదు.

ఆయన వీధి మలుపు తిరిగాక తల్లి వెంకాయమ్మ రైసుమిల్లు పని దిగి వచ్చింది. అరుగుల మీదివాళ్లు దారిలోనే అంతా చెప్పేశారు. లోపలికొచ్చి తలుపు వేసింది. కూతుర్ని ఒక్కటి కొట్టింది. ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

"అది మన కంచంలో తిన్న పిల్లే."

"నేనే చేశానమ్మా. నువ్వు మాత్రం ఆ గుంట ఊసు ఎవరి దగ్గరా ఎత్తకు. నాకు మాటివ్వు" అంది పద్మప్రియ, తల్లి రెండు చేతులూ పట్టుకుని.

వెంకాయమ్మ ఆ చేతులు విడిపించుకుంది. గోడకు చేరగిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పడినప్పుడు మీ ఇద్దరి మోకాళ్లూ నొచ్చకూడదని నిన్న మిల్లు నుంచి ఊక బస్తాలు మోసుకొచ్చి ఆ ఇసుక కింద మెత్తగా పరిచానే, అందులో గొయ్యి తవ్వడానికి నీకు చేతులెలా వచ్చాయే తల్లీ."