గీకని కార్డు

"ఇందులో ఎంత మిగిలిందో చూసి చెబుతావా తల్లీ?"

కౌంటరు దగ్గరి అమ్మాయి కార్డును యంత్రంలో గీసి, తెర చూసి నవ్వింది. "మిగలడమేంటి ఆంటీ, అసలు ముట్టుకుంటేగా. నిండుగా ఉంది."

కాజాలక్క కౌంటరు అంచు పట్టుకుంది. "ఇంకోసారి చూడమ్మా. ఖాళీ అయ్యుండాలి."

"ఖాళీ అంటే గొడవ పెట్టుకునేవాళ్ళను రోజూ చూస్తాను. నిండుగా ఉందంటే మొహం మాడ్చుకున్నది మీరొక్కరే."

వెనక వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఆమె కార్డు తీసుకుని, తల ఎత్తకుండా బయటికి వచ్చేసింది.

కుట్టు షెడ్డులో చొక్కాలకు కాజాలు కుట్టేది ఆమె. అసలు పేరు ఎప్పుడో పోయి ఆ పేరే మిగిలింది. కాజా కుట్టేటప్పుడు సూది కింది పొరను పట్టుకోకుండా, గుడ్డ అడుగున ఏదో ఒక గట్టి కార్డు దోపుకుంటుంది. పాతది గీతలు పడి అరిగిపోతే, ఇస్త్రీ ఆవిడ తను వాడేసిన ఈ కొట్టు గిఫ్ట్ కార్డు ఇచ్చింది. సరిగ్గా అప్పుడే, కటింగ్ మాస్టారు పని మానేసి కూతురి ఊరికి వెళ్ళిపోతున్నారని షెడ్డులో అందరూ తలా కొంత వేసుకున్నారు. డబ్బు పోగుచేసింది కాజాలక్క. అదే కొట్లో, అలాంటి కార్డే కొనుక్కొచ్చిందీ ఆమే. నిన్న సాయంత్రం కళ్ళు తుడుచుకుంటూ, బల్ల మీది కార్డు తీసి కవర్లో పెట్టి అంటించి, మాస్టారి చేతికిచ్చింది.

ఈ ఉదయం గుడ్డ అడుగున ఉన్న కార్డుకు సూది గీసుకుని, వెనక అంకెల మీది వెండిపూత పొట్టులా రాలింది. ఎప్పుడో వాడేసిన కార్డుకు గీకని పూత ఎక్కడిది? సూది గుడ్డకే వదిలేసి కొట్టుకు పరుగెత్తింది.

అంటే మాస్టారి దగ్గరున్నది ఖాళీ కార్డు. మిగతావాళ్ళు ఏమనుకున్నా రేపు షెడ్డులో సర్దిచెప్పుకోవచ్చు. ఆయన ఈరోజే వెళ్ళిపోతున్నారు. ఆమెకు వేలు పట్టి సూది నడపడం నేర్పింది ఆయనే. ఆయన మనసులో ఏదైనా పెట్టుకుని వెళ్ళిపోతే?

ఆమె చేరేసరికి మాస్టారి ఇంటి ముందు వ్యాను ఆగి ఉంది. అల్లుడు పైకెక్కి సామాను కడుతున్నాడు. ఇరుగుపొరుగు గుమ్మంలో నిలబడ్డారు.

"రా చెల్లెమ్మా, కనిపించకుండానే పంపేస్తావేమో అనుకున్నా" అన్నారు మాస్టారు.

ఆమె చెయ్యి సంచిలోనే ఉంది, కార్డు మీద. "మాస్టారూ, నిన్నటి కార్డు..."

"ఆఁ, ఆ కార్డే!" ఆయన గొంతు పెంచి, కొత్త సూట్‌కేసును అందరి ముందుకూ లాగారు. "మా షెడ్డువాళ్ళ కానుక ఇది. రాత్రే వెళ్ళి కార్డు ఇచ్చాను, పెట్టె తెచ్చుకున్నాను. చేతినుంచి చిల్లిగవ్వ పెట్టలేదు."

పక్కింటావిడ పెట్టెను తట్టి చూసింది. "మనసున్నవాళ్ళండీ మీవాళ్ళు."

కాజాలక్క సంచిలోని కార్డును ఇంకా అడుక్కి నెట్టింది. ఖాళీ కార్డుకు పెట్టె ఎవరిస్తారు? తన జేబులోంచే కట్టి ఉంటారు. నా పొరపాటు కనిపెట్టి, నలుగురిలో నా పరువు కాపాడుతున్నారు. ఇప్పుడు ఈ కార్డు బయటికి తీస్తే పెద్దాయన మాట అబద్ధమైపోతుంది. ఒక్క నిమిషం ఆయన ఒంటరిగా దొరికితే చాలు.

దొరకలేదు. ఒకరు తాడు అడిగారు, ఒకరు తాళంచెవి అడిగారు. ఇంతలో మాస్టారి భార్య మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"మీ ఇంటి ఓనరుతో అద్దె గొడవ తీరిందా? సామాను వీధిలో పడేస్తానన్నాడని బాధపడ్డావుగా."

"తీరిపోయింది వదినా. మొన్ననే మొత్తం కట్టేశాను."

ఎలా కట్టిందో చెప్పలేదు. దుద్దులు లేని చెవుల మీదికి జుట్టు లాక్కుంది.

ఆవిడ మాస్టారి వంక చూసింది. ఆయన మెడలోని కొలతల టేపు తీసి, అవసరం లేకపోయినా మెల్లగా చుట్టడం మొదలుపెట్టారు.

"పోనీలే" అన్నారు చివరికి. "తల మీద నీడ నిలిచింది. అది ముఖ్యం."

అందరూ వ్యాను ఎక్కారు. మాస్టారు కిటికీ పక్కన కూర్చున్నారు. "నేను లేనని కాజాలు అడ్డదిడ్డంగా కుట్టేవు."

మామూలుగా అయితే, "మీ కత్తెర వంకర నడిస్తే నా కాజా ఏం చేస్తుంది మాస్టారూ" అనేది. ఎన్నో ఏళ్ళుగా ఆ మాటకు ఈ మాటే జవాబు. ఈరోజు ఆమె చెయ్యి మళ్ళీ సంచిలోకి పోయింది. ఆయన తనే నవ్వేశారు.

ఇంజను గుర్రుమంది. ఇక ఆగలేక ఆమె కార్డు తీసి కిటికీలోంచి ఆయన చేతిలోకి తోసింది. "మాస్టారూ, ఇది మీది. నేను..."

ఆయన ఆ కార్డు తిరిగి ఆమె అరచేతిలోనే పెట్టి, వేళ్ళు మూసి, కదులుతున్న బండిలోంచి ముందుకు వంగి, ఆమెకొక్కతెకే వినపడేలా అన్నారు:

"ఇప్పుడు కొని తెచ్చావా పిచ్చిదానా? ఉంచుకో. ఆ డబ్బు అద్దెకే కదా వాడుకున్నావు, మూడో కంటికి తెలియనివ్వనులే."